మూడో తరగతి అసలు మార్కులు

ఆ బడికి ఎదురుగా టైర్ల షాపు, వెనకాల బస్సుల డిపో. మధ్యలో రెండంతస్తుల పాత మేడ. పిల్లలు ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు టైర్ల షాపులోని సుత్తి దెబ్బలు తాళం వేసేవి. కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే పొగ. అయినా చుట్టుపక్కల వీధుల పిల్లలకి అదే దిక్కు. పెద్ద రోడ్డు దాటకుండా నడిచి వెళ్ళగలిగే బడి అదొక్కటే.

ఏటా ఆ ప్రాంతంలోని బడులన్నిటికీ ఒకే రోజు, ఒకే ప్రశ్నపత్రంతో ఒక పరీక్ష జరిగేది. మూడో తరగతి పిల్లలకి మాత్రమే. ప్రతి ప్రశ్నకీ నాలుగు జవాబులు, వాటి పక్కన నాలుగు గుండ్రాలు. సరైనదాన్ని పెన్సిల్‌తో నింపాలి. ఆ షీట్లు పరీక్షల ఆఫీసుకి వెళితే అక్కడ మిషను దిద్దేది. పిల్లల మార్కులన్నీ కలిపి సగటు తీసి, బడులకి వరస కట్టేవారు. ఈ బడి కొన్నేళ్ళుగా ఆ వరసకి తోకలోనే వేలాడుతోంది. ఈసారి కూడా సగటు యాభై దాటకపోతే బడి మూసేసి పిల్లల్ని రోడ్డవతలి బడిలో కలిపేస్తామని పైనుంచి హెచ్చరిక వచ్చింది. ఆ రోడ్డు మీద లారీలు తెంపు లేకుండా పోతుంటాయి. పసిపిల్లలు దాన్ని దాటి వెళ్ళాలన్న ఊహకే తల్లుల గుండెలు జారిపోయాయి.

అలాంటి ఏడాదిలో మూడో తరగతిని చూసుకున్న టీచర్ కథ ఇది.

ఆమె ఆ బడిలో చేరిన కొత్తలో పిల్లలు మాట వినేవారు కాదు. ఒకరోజు స్టాఫ్‌రూములో కూర్చుని ఏడుస్తుంటే హెడ్మిస్ట్రెస్ వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడని పిల్లలూ పెద్దలూ అందరూ పెద్దమేడం అనే పిలిచేవారు. "ఏడుపయ్యాక మొహం కడుక్కుని రా. వెనక బెంచీలో నేను కూర్చుంటా, నువ్వు పాఠం చెప్పు" అంది. చెప్పినట్టే చాలా రోజులు వచ్చి కూర్చుంది. ఒక్కసారి కూడా మధ్యలో కలగజేసుకోలేదు. అప్పటినుంచి టీచర్‌కి పెద్దమేడం ఎంత చెబితే అంత. "సొంత అక్క ఉన్నా నన్నింతగా చూసేది కాదు" అని ఇంట్లో అంటూ ఉండేది.

ఆ ఏడాది క్లాసు మొదలైన కొద్ది రోజులకే టీచర్‌కి ఒక సంగతి తెలిసింది. పిల్లలకి రానిది లెక్క కాదు, లెక్కలోని మాట. కూడమంటే కూడుతున్నారు, తియ్యమంటే తీస్తున్నారు. "బస్సులో కొంతమంది ఉన్నారు, స్టాపులో కొందరు దిగారు, ఇంకొందరు ఎక్కారు, ఇప్పుడెంతమంది?" అంటే మాత్రం గుడ్లప్పగించి చూస్తున్నారు. దాంతో ఆమె పుస్తకాలు మూయించి బెంచీలనే బస్సు చేసింది. పిల్లలు ఎక్కేవారు, దిగేవారు. "ఎవరు దిగారు? ఎందుకు దిగారు? మిగిలిందెవరు?" అని అడిగేది. లెక్కని ముందు నోటితో కథలా చెప్పాలి, ఆ తర్వాతే పెన్సిల్ పట్టాలి. అదీ ఆమె పెట్టిన నియమం.

ఆ బస్సుకి కండక్టర్ ఎప్పుడూ ఒక్క పిల్లే. ప్లంబర్ కూతురు. నోరు విప్పితే ఎదుటి టైర్ల షాపు దాకా వినిపిస్తుందని ఆ పిల్లని అందరూ గంట అనేవారు. ఆఖరి బెంచీలో ఇంకో పిల్ల ఉండేది. తల్లి లాండ్రీలో ఇస్త్రీ చేసేది. ఏ పనైనా ఆ పిల్ల నిదానంగానే చేస్తుంది. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పేలోగా అడిగినవాళ్ళు వెళ్ళిపోతారు. పిల్లలు ఆమెకి నత్త అని పేరు పెట్టారు. పెద్దమేడం కూడా ఒకసారి క్లాసులోకి వచ్చి, ఆ పిల్ల సమాధానం కోసం కాసేపు నిలబడి, నిట్టూర్చి వెళ్ళిపోయింది. టీచర్ మాత్రం ఆగేది. మిగతా పిల్లలు గోల చేసినా ఆగేది.

పరీక్ష రోజు సొంత టీచర్లు గదిలో ఉండకూడదు. వేరే బడి నుంచి ఒకాయన కాపలాకి వచ్చాడు. టీచర్ కింద వరండాలో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూ గడిపింది. ముందురోజు సాయంత్రం పార్కులో జారుడుబల్ల మీంచి పడి గంట కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రి నుంచే వాళ్ళ నాన్న ఫోన్ చేసి పాప పరీక్షకి రాలేదని చెప్పాడు. "పోన్లెండి, చెయ్యి ముఖ్యం" అంది టీచర్. ఒక మంచి విద్యార్థి తగ్గిందే అని లోపల బాధపడింది కూడా.

కొన్ని వారాల తర్వాత ఫలితం ఫోన్‌లో తెలిసింది. పెద్దమేడం ఫోన్ చెవికి పెట్టుకుని "ఆహా... ఆహా..." అంటూ విని, పెట్టేసి, టీచర్ వైపు తిరిగి, "మనమే ఫస్ట్" అంది.

"ఫస్టా? కింది నుంచా?" అంది టీచర్.

"పైనుంచేనమ్మా. సగటు తొంభై దాటింది."

టీచర్ యాభై దాటితే చాలని ఏడాదంతా దేవుళ్ళందరికీ మొక్కుకుంది. అరవై వస్తే ఎగిరి గంతేద్దామనుకుంది. తొంభై అనే అంకె ఆమె ఊహ దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఒక్క క్షణం ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టు అనిపించింది. ఇంతలో పక్క క్లాసు టీచర్లు వచ్చి కావలించుకున్నారు, ఆయా ఆనందబాష్పాలు తుడుచుకుంది, ఆ ముల్లు సంగతి మర్చిపోయింది.

ఇంట్లో అత్తగారి హడావుడి చెప్పనక్కర్లేదు. "మా కోడలు గాడిదల్ని గుర్రాలు చేసింది" అని వీధి మొదట్నుంచి చివరిదాకా చెప్పుకొచ్చింది. చివరి ఇంటావిడకి చెవుడు. ఆవిడకి రెండుసార్లు చెప్పింది. మందుల షాపులో పనిచేసే భర్త మిఠాయి డబ్బా తెచ్చి, భార్య మొహం వంక చూసి, "ఇన్నాళ్ళకి నువ్వు నవ్వుతున్నావు" అన్నాడు.

అభినందన సభ బడి ఆవరణలోనే పెట్టారు. అద్దె కుర్చీలు వేశారు, మైకు తెప్పించారు. టైర్ల షాపువాడు ఆ పూటకి సుత్తి పక్కన పెట్టి, పనివాళ్ళతో సహా వచ్చి వెనక నిలబడ్డాడు. పరీక్షల అధికారి స్వయంగా వచ్చాడు. పిల్లల మార్కులున్న కవరు ఆయన దగ్గరే ఉంది. అప్పటిదాకా బడికి తెలిసింది సగటు ఒక్కటే. పెద్దమేడం మోకాళ్ళ నొప్పితో మెల్లగా వేదిక ఎక్కి ఆయన పక్కన కూర్చుంది. ఆ రోజు ఆవిడ ఎవరి కళ్ళలోకీ సూటిగా చూడలేదని తర్వాత ఆలోచిస్తే టీచర్‌కి గుర్తొచ్చింది.

అధికారి లేచి, "ఈ బడిలో ఒక విద్యార్థినికి నూటికి నూరు వచ్చాయి. మొత్తం ప్రాంతానికే మొదటి బహుమతి" అంటూ ఒక పేరు చదివాడు.

అది గంట పేరు.

చప్పట్లు హోరెత్తాయి. టీచర్ కూడా కొట్టబోయింది. రెండు చేతులూ కలవకుండా గాలిలోనే ఆగిపోయాయి. 'పొరపాటున చదివాడు. వేరే ఎవరి పేరో' అనుకుంది. ఆ పేరుగల పిల్ల బడి మొత్తానికి ఒక్కతే.

గంట గబగబా వేదిక ఎక్కింది. కట్టు విప్పిన చెయ్యి ఇంకా సన్నగా, పాలిపోయి ఉంది. అధికారి ఆ చేతిలో కప్పు పెట్టి, మైకు ఆమె నోటి దగ్గరికి వంచి, "చెప్పమ్మా, ఎలా చదివావు?" అన్నాడు.

"నేను పరీక్ష రాయలేదండీ" అంది గంట.

ఆ గొంతుకి అసలు మైకే అక్కర్లేదు. మైకు కూడా తోడవడంతో డిపోలో బస్సులు కడిగేవాళ్ళు కూడా తలెత్తి చూశారు. జనం గొల్లున నవ్వారు. అధికారీ నవ్వాడు. "రాయకుండానే నూరొస్తే, రాస్తే ఎన్నొచ్చేవో!"

"నిజంగా రాయలేదండీ. ఆ రోజు నాకు చెయ్యి విరిగింది. ఆస్పత్రిలో ఉన్నాను." అని కప్పు వంక చూసుకుని, "చెయ్యి విరిగినందుకే ఇస్తున్నారనుకున్నా" అంది.

ఈసారి నవ్వు సగంలోనే తెగిపోయింది. కుర్చీల్లోంచి ప్లంబర్ లేచి నిలబడ్డాడు. పనిలోంచి సరాసరి వచ్చాడేమో, చేతులకి ఇంకా మసి ఉంది. "అవును సార్. ఆ రోజు పొద్దున నేనే బడికి ఫోన్ చేశాను. పాప రాలేదు. మీరు ఇంకెవరి మార్కులో చూసుంటారు, ఒకసారి సరిచూడండి" అన్నాడు, తప్పు తనదే అయినట్టు వినయంగా.

అధికారి కాగితం వంక చూశాడు, పిల్ల వంక చూశాడు, మళ్ళీ కాగితం వంక చూశాడు. టీచర్ కుర్చీ అంచు పట్టుకుంది. ఒక్క షీటు అబద్ధమైతే, మిగతావి?

సభ ఆపేసి, ఆఫీసు గదిలో తలుపు వేసుకుని అధికారి, పెద్దమేడం, టీచర్ కూర్చున్నారు. అధికారి మొహంలో నవ్వు ఆనవాలు కూడా లేదు.

"షీట్ల మీద పిల్లల పేర్లు మేమే అచ్చువేసి పంపుతాం. రానివాళ్ళ షీటు మీద 'రాలేదు' అన్న గుండ్రం నింపి పంపాలి. ఈ షీటులో కాపలా ఆయన అది నింపడం మరిచాడు. జవాబులన్నీ నింపి ఉన్నాయి. అన్నీ సరైనవే. దయ్యాలు రాశాయా మేడం?" అని, టీచర్ వైపు తిరిగాడు. "మీ క్లాసు, మీ పిల్లలు. పేరొస్తే మీకే వచ్చేది. మీకు తెలియకుండా ఎలా జరుగుతుంది?"

"నేనా?" అంది టీచర్. "నేను ఆ గది గడప కూడా తొక్కలేదు సార్. ఆ షీట్లు ముట్టుకోనేలేదు."

అని పెద్దమేడం వైపు చూసింది. ఆవిడ ఒక్క మాట అంటే చాలు. 'ఈ అమ్మాయి అలాంటిది కాదు' అంటే చాలు. పెద్దమేడం బల్ల మీద పేపర్‌వెయిట్‌ని అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చుంది. తలెత్తకుండానే అంది.

"ఎవరో కావాలని చేసుండరు సార్. అన్నిటికన్నా అడుగున ఒక షీటు ఖాళీగా కనబడేసరికి, పాపం ఏ పిల్లో భయపడి ఏమీ రాయలేదనుకుని..."

అధికారి ఫోన్ మోగింది. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పెద్దమేడం చెప్పినదాంట్లో సగం ఆయన చెవిన పడలేదు.

టీచర్ చెవిన మొత్తం పడింది. అడుగున! ఆ షీటు కట్టలో అడుగున ఉందని ఆవిడకెలా తెలుసు? కాపలా ఉన్నాయన కట్ట ఇచ్చి వెళ్ళాక, కవరు అంటించి వ్యానుకి ఇచ్చేదాకా దాన్ని చూడగలిగింది ఒక్కరే. పెద్దమేడం తలెత్తింది. ఇద్దరి చూపులూ కలిశాయి. అందులో ఇక అడగాల్సిందీ, చెప్పాల్సిందీ ఏమీ మిగల్లేదు.

టీచర్ నోరు తెరవలేదు. తెరుద్దామనుకుంది. వెనక బెంచీలో కూర్చుని తనకి ధైర్యమిచ్చిన మనిషి మీద చెప్పలేకపోయింది.

విచారణ అయ్యేదాకా బడికి రావద్దని టీచర్‌కి చెప్పారు. ఇంటికొచ్చి చెప్పగానే అత్తగారు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడింది.

"వీధంతా చెప్పానే! ఇప్పుడెలా వెనక్కి తీసుకోను? ఆ చెవిటావిడకైతే రెండుసార్లు చెప్పాను!"

"అమ్మా, కాసేపు ఊరుకో" అన్నాడు భర్త.

"ఊరుకోక ఏం చేస్తాన్రా? నా కోడలు అలాంటి పని చేస్తుందా? నీళ్ళలో నీళ్ళు కలపమన్నా ముందు అడిగి కలుపుతుంది. ఎవడన్నా అననీ, వాడి సంగతి నేను చెప్తా." అంటూ ఏడుస్తూనే వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మీద తన కోపం తీర్చుకుంది.

భర్త పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "నువ్వు చెయ్యలేదని నాకు తెలుసు. ఎవరు చేశారో నీకు తెలుసు. అవునా?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. ఆయన మళ్ళీ అడగలేదు.

ఆమె కొన్ని రోజులు ఎదురుచూసింది. పెద్దమేడం ఫోన్ చేస్తుంది, ఏదో ఒకటి చెబుతుంది అనుకుంది. ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడేది. బడి దగ్గర తల్లిదండ్రులు గుమిగూడి గొడవ చేశారని, "పిల్లల పేరుతో దొంగ మార్కులు వేయించుకుంది" అని తననే తిట్టారని పక్క క్లాసు టీచర్ చెప్పింది. నిన్న పూలగుత్తులిచ్చినవాళ్ళే ఇవాళ దుమ్మెత్తిపోస్తున్నారు.

చివరికి ఫోన్ కాదు, ప్లంబర్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"లోపలికి రండి" అంది టీచర్.

"వద్దులెండి టీచర్. ఒక్క మాట చెప్పి పోదామని వచ్చా. మా పాప మాట్లాడటం మానేసింది."

"మానేసిందా?"

"బడి మూసేస్తే నీ వల్లేనని ఎవరో దాంతో అన్నారంట. నోరు కాస్త అదుపులో పెట్టుకుంటే ఏం పోయేదే అని ఇంకో తల్లి అందంట. అప్పట్నుంచి అన్నం తింటుంది, పడుకుంటుంది, అంతే. అడిగితే తలూపుతుంది. ఆ గొంతుకి నేను రోజూ విసుక్కునేవాణ్ణి టీచర్. ఇప్పుడు ఇల్లు ఇల్లులా లేదు." అని ఆగి, "మీరు చేశారని నేననుకోవడం లేదు. కానీ ఎవరో ఒకరు నోరు విప్పకపోతే, నిజం చెప్పడమే తప్పని నా కూతురు జీవితాంతం అనుకుంటుంది" అన్నాడు.

అతను వీధి మలుపు తిరిగేలోగానే టీచర్ చెప్పులు వేసుకుంది.

పెద్దమేడం ఇల్లు డిపో అవతల, రెండో అంతస్తులో. తలుపు తీసే ఉంది. ఆవిడ కుర్చీలో కూర్చుని మోకాలి మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని ఉంది. టీచర్‌ని చూసి లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుంది.

"నీకోసమే చూస్తున్నా. రోజూ ఫోన్ తీస్తున్నా, పెట్టేస్తున్నా. నోరు పెగల్లేదమ్మా."

"ఆ రోజు ఆఫీసులోనూ పెగల్లేదు" అంది టీచర్. పెద్దమేడంతో అంత గట్టిగా ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. "ఆయన నన్ను దొంగ అంటుంటే మీరు పేపర్‌వెయిట్‌తో ఆడుకున్నారు."

ఆవిడ వేడినీళ్ళ సంచిని మోకాలి మీద సర్దుకుంది.

"ఎందుకు చేశారు? నా పిల్లల మీద అంత నమ్మకం లేదా?"

"బడి మూసేస్తారని భయపడ్డా. లారీల కింద పడి ఎవరైనా... నాకు నిద్రే ఉండేది కాదు. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక కట్ట విప్పాను. జవాబులన్నీ నేను ముందే ఒక కాగితం మీద వేసుకున్నా. తప్పులు చెరిపి సరిచేద్దామని మొదటి షీటు తీశాను. అందులో తప్పులు పెద్దగా లేవు."

"లేవా?" అంది టీచర్.

"రెండోది తీశాను. కొన్ని తప్పులు, చాలావరకు కరెక్టే. మూడోదీ అంతే. నువ్వు బెంచీలతో బస్సులు ఆడిస్తుంటే, ఈ అమ్మాయి కాలక్షేపం చేస్తోందే అని మనసులో విసుక్కున్నదాన్ని నేను. ఆ లెక్కలే వాళ్ళు రాశారు."

"మరి తెలిశాకైనా ఆగొచ్చు కదా?"

"ఆగాను. రబ్బరు పక్కన పెట్టాను. యాభై దాటుతుందేమో అనిపించింది. దాటకపోతే? అదొక్కటే బుర్రలో తిరిగింది. మళ్ళీ రబ్బరు తీశాను. ఒకసారి మొదలుపెట్టాక చెయ్యి నా మాట వినలేదమ్మా. చివర్లో అడుగున ఒక ఖాళీ షీటు. కళ్ళు లాగేస్తున్నాయి. పేరు కూడా చూడలేదు. ఏ పిల్లో బెదిరిపోయి ఖాళీగా ఇచ్చిందనుకున్నా. పాపం అనిపించి మొత్తం నింపేశాను."

గదిలో వేడినీళ్ళ సంచి జారి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

"ఇంకోటి ఉంది" అంది పెద్దమేడం. "అది నీకు చెప్పకుండా ఉండలేను. మధ్యలో ఒక షీటు వచ్చింది. మొదట్నుంచి చివరిదాకా చూశాను, ఒక్క తప్పు లేదు. ఇంకోసారి చూశాను, లేదు. అప్పుడు పేరు చూశాను. నత్త."

"ఆ పిల్లకి నూరొచ్చాయా?" అంది టీచర్.

"వచ్చాయి. తనంతట తనే రాసుకుంది."

"మరి సభలో తన పేరు చదవలేదే..."

"ఆ పిల్ల నూటికి నూరు రాసిందంటే ఎవరు నమ్ముతారు అనుకున్నా. దీని వల్ల అందరికీ అనుమానం వస్తుందని... రెండు జవాబులు చెరిపాను. సరైనవి చెరిపి, తప్పువి నింపాను."

టీచర్ అక్కడే, గడప పక్కన నేల మీద కూర్చుండిపోయింది. సభలో గంట మాట విన్నప్పుడు కలిగిన అదురు దీని ముందు ఏపాటిదీ కాదు. లేనివి రాయడం ఒక ఎత్తు. ఉన్నవి తుడిచెయ్యడం! ఆఖరి బెంచీలో ఆ పిల్ల నోటితో కథ చెప్పుకుంటూ, ఒక్కో గుండ్రాన్నీ అంచు దాటకుండా నిదానంగా నింపి ఉంటుంది. తన జీవితంలో మొదటిసారి అన్నీ సరిగ్గా చేసింది. ఆ గుండ్రాల మీద రబ్బరు నడిచింది. ఆ రబ్బరు పట్టింది తనని సొంత అక్కలా చూసుకున్న చెయ్యి.

చివరికి లేచి, "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది.

"నేనే చెప్తా. నువ్వు చెప్తే చాడీ అంటారు" అంది పెద్దమేడం. "బట్టలు మార్చుకుని వస్తా, ఉండు."

ఇద్దరూ కలిసే బస్సెక్కారు. పక్కపక్కనే కూర్చున్నారు. పరీక్షల ఆఫీసు ముందు దిగేటప్పుడు పెద్దమేడం మోకాలు పట్టేసి మెట్టు మీద తడబడింది. టీచర్ చెయ్యి దానంతట అదే వెళ్ళి ఆవిడ మోచేతిని పట్టుకుంది. నేల మీద నిలబెట్టాక వదిలేసింది. లోపలికి పెద్దమేడం ఒక్కతే వెళ్ళింది.

ఆవిడ ఉద్యోగం పోయింది. పోవాల్సిందే అన్నవాళ్ళు కొందరు, పాపం బడి కోసమే చేసింది కదా అన్నవాళ్ళు కొందరు. టీచర్‌ని మళ్ళీ క్లాసులోకి పిలిచారు. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు. అత్తగారు మళ్ళీ వీధి మొదట్నుంచి బయల్దేరింది.

టీచర్ తిరిగి వచ్చిన రోజు మొదట చేసిన పని, గంటని క్లాసు ముందుకి పిలవడం. "ఆ రోజు మైకులో ఈ పిల్ల చెప్పింది నిజం. ఆ ఒక్క నిజం వల్లే మిగతా నిజమంతా బయటపడింది. తనని ఎవరైనా ఒక్క మాటన్నా నన్నన్నట్టే" అంది. గంట తల వంచుకునే ఉంది. తర్వాత బస్సు లెక్క మొదలైంది. కండక్టర్ లేక పిల్లలు ఎక్కడం దిగడం కలగాపులగం చేసేశారు. కాసేపు చూసి చూసి, ఇక పట్టలేక, "ముందు దిగేవాళ్ళని దిగనివ్వండ్రా!" అని అరిచింది గంట. టైర్ల షాపులో సుత్తి ఆగింది. టీచర్ బోర్డు వైపు తిరిగి, కాసేపు అటే ఉండిపోయింది.

పరీక్ష మళ్ళీ పెట్టారు. ఈసారి గదిలో ఇద్దరు అధికారులు నిలబడ్డారు. పిల్లలు బెదిరారు. ఒకడికి కడుపునొప్పి వచ్చింది, ఒకతె పెన్సిల్ మొన మాటిమాటికీ విరగ్గొట్టుకుంది. సగటు అరవై మూడు వచ్చింది. వరసలో ఎక్కడో మధ్యలో. బడి మూయాల్సిన అవసరం లేదని ఒక ముక్క పంపించి ఊరుకున్నారు. కుర్చీలూ లేవు, మైకూ లేదు. ముందటేడు ముప్పై దాటని బడి అరవై దాటితే అదెంత దూరమో ఆ ఆఫీసులో ఎవరికీ పట్టలేదు. టీచర్ ఆ అంకెని నమ్మలేనట్టు పదేపదే చదువుకుంది. ఇది నిజం. ఇందులో రబ్బరు లేదు.

నత్తకి ఈసారి కొన్ని తప్పాయి. అధికారి పక్కనే నిలబడి "త్వరగా, త్వరగా" అన్నాడట. మొదటిసారి రాసిన నూరుకి ఇక రుజువంటూ ఏదీ లేదు. చెరిపిన మనిషి మాట తప్ప.

ఆ ఫలితం వచ్చిన మధ్యాహ్నం బడి వదిలాక, తల్లి నత్తని తీసుకెళ్ళడానికి వచ్చింది. టీచర్ ఆమెని గేటు దగ్గర ఆపి, జరిగింది మొత్తం చెప్పింది. మొదటి పరీక్షలో అన్నీ సరిగ్గా రాసింది ఆ క్లాసు మొత్తంలో ఈ పిల్ల ఒక్కతే అని చెప్పింది.

తల్లి టీచర్ మొహంలోకి చూసింది.

"మా దాని గురించేనా మీరంటున్నది?"

"దాని గురించే."

"వేళాకోళం ఆడకండి మేడం. దాని సంగతి నాకు తెలీదా? పొద్దున పళ్ళు తోముకోవడానికే దానికి ఒక పూట పడుతుంది. అందరూ దాన్ని..." ఆమె మెట్టు మీద కూర్చుని కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "నిజమేనా? అన్నీ నువ్వే రాశావా?"

పిల్ల ఆలోచించడం మొదలుపెట్టింది. తల్లి ఓపిక పట్టలేక భుజం కుదపబోయింది. టీచర్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండండి. చెప్తుంది."

ఇద్దరూ ఆగారు. డిపోలోంచి ఒక బస్సు బయటికొచ్చి, మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

"చివరిది కొంచెం కష్టంగా ఉండింది" అంది పిల్ల. "రెండుసార్లు చదివాను."